రిటర్న్ బాక్స్ సాక్ష్యం

"కేసు ముగిసిపోయింది డిటెక్టివ్ గారూ. టీ తాగి బయల్దేరండి," అన్నాడు కల్నల్.

కల్నల్ అంటే సైన్యంలో పనిచేసినవాడనుకునేరు. ఆ కాలేజీకి సెక్యూరిటీ ఆఫీసరు. మీసం చూసి ఎవరో ఆ పేరు పెడితే, ఆయన కాదనలేదు. రోజులు గడిచేకొద్దీ నడక కూడా దానికి తగ్గట్టు మార్చుకున్నాడు.

"ముగిస్తే సంతోషమే. పుస్తకం దొరికిందా?" అన్నాను.

"లేదు."

"తీసినవాళ్లు ఒప్పుకున్నారా?"

"ఇంకా లేదు. నాలుగింటికి కమిటీ కూర్చుంటుంది. పుస్తకం ఆ అమ్మాయి పేరు మీద ఉంది, తిరిగి రాలేదు. ఇంతకంటే ఏం కావాలి? తనే ఒప్పుకుని రాసిచ్చిందంటే విచారణ కూడా అక్కర్లేదు. సీటు రద్దు, పోలీసు కేసు, రెండూ ఒక్క సంతకంతో తేలిపోతాయి. రూల్ అది."

ఒళ్లు మండింది. టీ అక్కడే వదిలేసి లైబ్రరీలోకి నడిచాను.

ఆ అమ్మాయి అంటే నా చిన్ననాటి స్నేహితురాలి అక్క కూతురు. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుస్తారు. తల్లి పోయాక పిన్నే స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి చదివించింది. పరిశోధనలో సీటు తెచ్చుకుని రెండో ఏడాదిలో ఉంది. ముప్పై ఏళ్ల నాటి ఒక థీసిస్ లైబ్రరీ నుంచి తీసుకుంది. నూలు మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్ల ఆరోగ్యం మీద ఎవరో ఒకావిడ ఊరూరా తిరిగి రాసింది. డిగ్రీ వచ్చిన రెండేళ్లకే ఆవిడ పోయింది. లోకంలో ఆ థీసిస్‌కి ఉన్నది అదొక్కటే ప్రతి. గురువారం రిటర్న్ బాక్సులో వేశానని పిచ్చుక అంటోంది. రాలేదని లైబ్రరీ అంటోంది.

పొద్దున ఇంట్లో ఒప్పుకోలు సంగతి అడిగితే ఒక్కటే మాట చెప్పింది. "చెయ్యని తప్పుకి సంతకం పెట్టను ఆంటీ. సీటు పోతే పోనీ, పిన్నితో పాటు కూర్చుని కాజాలు కుట్టుకుంటాను."

లైబ్రరీ గుమ్మం దాటగానే నిలువెత్తు బోర్డు ఉంది. ఒక పక్క విద్యార్థులు, ఇంకో పక్క అధ్యాపకులు. విద్యార్థికి మూడు పుస్తకాలు, పద్నాలుగు రోజులు, దాటితే జరిమానా. సంచీ బయట పెట్టాలి. కౌంటర్ లోపలికి రాకూడదు. అధ్యాపకులకు ముప్పై పుస్తకాలు, గడువు లేదు, జరిమానా లేదు. సంచీ లోపలికి తెచ్చుకోవచ్చు. తాళంతో సొంత లాకరు. ఒకే గదిలో ఒకే పుస్తకాల మధ్య కూర్చునే మనుషులకు ఇన్ని తేడాలు ఎవరు కనిపెట్టారో గానీ, చాలా ఓపికగా కనిపెట్టారు.

లైబ్రేరియన్‌ను పిల్లలు ఉష్ గారంటారు. నోట్లోంచి ఎక్కువగా వచ్చే మాట అదే. సన్నటి మనిషి. ఏదైనా చెప్పడం ఇష్టం లేకపోతే కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. నేను వెళ్లేసరికి తుడుచుకుంటూనే ఉన్నాడు.

"థీసిస్ తీసుకున్నది ఎప్పుడు?" అని అడిగాను.

"సోమవారమండీ."

"గడువు పద్నాలుగు రోజులు. మరి గురువారమే ఎందుకు తిరిగివ్వాల్సి వచ్చింది?"

"రీకాల్ వచ్చిందండీ. అంటే, అధ్యాపకులు ఎవరైనా తమకు కావాలంటే విద్యార్థి చేతిలో ఉన్న పుస్తకాన్ని వెనక్కి పిలిపించుకోవచ్చు. ఒక రోజులో ఇచ్చెయ్యాలి."

"అధ్యాపకుల దగ్గరున్న పుస్తకం విద్యార్థికి కావాలంటే?"

"అలాంటి రూల్ లేదండీ."

"రీకాల్ చేసిందెవరు?"

కళ్లజోడు మళ్లీ చేతిలోకి వచ్చింది. "చెప్పకూడదండీ. గోప్యత."

"పిచ్చుక పేరు మాత్రం గుమ్మం పక్కన నోటీసులో ఎక్కించారు. దానికి గోప్యత లేదా?"

"అది గడువు దాటినవాళ్ల నోటీసండీ."

"దాంట్లో ఒక్క అధ్యాపకుడి పేరూ లేదేం?"

"వాళ్లకు గడువే లేదు కదండీ, దాటడం ఎలా కుదురుతుంది?" అన్నాడు ఉష్ గారు, చాలా నిజాయితీగా.

నవ్వాలో అరవాలో తెలియలేదు. అరిస్తే ఉష్ అంటాడు. అందుకని పళ్లు బిగించి అడిగాను. "గురువారం బాక్స్ ఎప్పుడు తెరిచారు?"

"నాలుగింటికి. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. పుస్తకాలు ట్రాలీలో వేసుకుని కౌంటర్ లోపలికి తెచ్చాం. తర్వాత ఒక్కొక్కటీ కంప్యూటర్లో ఎక్కించాం. వాటిలో థీసిస్ లేదండీ."

పిచ్చుక వేశానన్నది మూడింటికి. మధ్యలో ఒక గంట. తాళం వేసిన ఇనుప పెట్టెలోంచి అంత లావు పుస్తకం ఎవరు లాగగలరు? ఆ ఆలోచనలో ఉండగానే నా భుజం మీద మెత్తగా ఒక చెయ్యి పడింది.

"మీరేనా పిచ్చుక వాళ్ల ఆంటీ?"

పిచ్చుక పరిశోధనకు గైడ్ ఆవిడే. పొద్దున పిచ్చుక నోట మేడమ్, మేడమ్ అని వినిపించింది ఈవిడ గురించే. నలభై దాటి ఉండదు. మిల్లు కార్మికురాళ్ల మీద ఆవిడ రాసిన పుస్తకానికి పెద్ద పేరు. త్వరలో డిపార్టుమెంటు హెడ్ అవుతుందని కూడా విన్నాను. గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, ఉష్ గారికి కూడా ఆవిడతో పనిపడదు.

"నా కూతురులాంటిదండీ," అంది నా రెండు చేతులూ పట్టుకుని. "కమిటీలో నేను మాట్లాడతాను. గురువారం మధ్యాహ్నం నేను లైబ్రరీలోకి వస్తున్నాను. అప్పుడే పిల్ల ముందు గుమ్మం పక్కనున్న రిటర్న్ బాక్సులో పుస్తకం వేస్తోంది. నా కళ్లతో చూశాను."

గుండెల మీంచి బరువు దిగినట్టయింది. కళ్లారా చూసిన సాక్షి, అదీ అధ్యాపకురాలు. ఇంక కల్నల్ మీసం ఎంత దువ్వుకున్నా లాభం లేదనుకున్నాను.

"పిచ్చుక ఎక్కడుందండీ?"

"పైన నా గదిలో. మూడో అంతస్తు. పొద్దుట్నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేనే బతిమాలి కూర్చోబెట్టాను. థీసిస్ పేజీలు కొన్ని ఫోన్లో ఫోటో తీసుకుందట, అవి కూడా కమిటీకి చూపిద్దామన్నాను. మీరేం కంగారుపడకండి."

ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయింది. ఇలాంటి మనిషి ఒక్కరుంటే చాలు అనుకుంటూ, బాక్స్ చూద్దామని ముందు గుమ్మం దగ్గరికి వెళ్లాను.

బాక్స్ లేదు.

గుమ్మానికి ఎడమ పక్క గోడ, కుడి పక్క న్యూస్‌పేపర్ల స్టాండు. ఆ స్టాండు కాళ్ల మధ్య నేల మీద నాలుగు బోల్టు రంధ్రాలు కనిపించాయి. వాటి చుట్టూ నలుచదరంగా నేల మిగతాచోట్ల కంటే తెల్లగా ఉంది. ఒకప్పుడు అక్కడ బరువైనదేదో ఉండేది. రంధ్రాల నిండా దుమ్ము గట్టిపడి ఉంది. తీసి చాలాకాలమే అయింది.

లోపలికి వెళ్తున్న ఒక విద్యార్థినిని ఆపి అడిగాను.

"రిటర్న్ బాక్సా? పక్క సందులో, సైకిల్ స్టాండ్ దగ్గరండీ," అంది. "పోయిన వానాకాలం ఇక్కడ జల్లు కొట్టి పుస్తకాలు తడిసిపోతే అటు మార్చారు. ఇప్పుడు మేమంతా బురదలో దిగి వెళ్లి వేస్తున్నాం. ఏం చేస్తాం, మన ఖర్మ."

సందులోకి తిరిగాను. సైకిల్ స్టాండ్ చివర రేకు కప్పు కింద పచ్చరంగు ఇనుప బాక్స్ ఉంది. తాళం గట్టిది, గీతలు లేవు. పుస్తకం వేసే సందుకి ఒక మూత, ఆ మూత అంచు కాస్త వంకరపోయి ఉంది. చెయ్యి పెట్టి లోపలికి తోశాను. మోచేతి దగ్గరే అడ్డు పలక తగిలింది. అక్కణ్నుంచి ఏదీ బయటికి లాగడం కుదరదు.

మూత అంచుకి ఏదో పట్టుకుని ఉంది. గోటితో తీశాను. అట్ట మీద అంటించే గుడ్డ పీలిక. మెరూన్ రంగు.

లోపల అలమరలో నేను చూసిన థీసిస్‌లన్నీ నల్ల అట్టలే. పోయినది మాత్రం మెరూన్ రంగుదని ఫిర్యాదులోనే రాశారు. అంటే ఆ పుస్తకం ఈ మూతని రాసుకుంటూ లోపలికి దిగింది. పిచ్చుక చెప్పింది అక్షరాలా నిజం.

"దొరికిందా ఏమైనా?" వెనక నుంచి కల్నల్ గొంతు.

పీలికని రుమాల్లో పెట్టి చూపించాను. ఆయన దాన్ని మీసం దాకా తెచ్చుకుని చూసి పెదవి విరిచాడు.

"గుడ్డ ముక్క. ఎవరైనా తగిలించి ఉండొచ్చు. ఆ అమ్మాయే తగిలించి ఉండొచ్చు."

"మీరు ఈ బాక్స్ దగ్గరికి ఒక్కసారైనా వచ్చి చూశారా?"

"రావాల్సిన పనేముంది? పైన కెమెరా ఉంది."

తలెత్తి చూశాను. కెమెరా ఉన్న మాట నిజమే. ఆకాశంలోకి చూస్తోంది.

"కాకుల మీద నిఘా పెట్టారా?" అన్నాను.

మొహం ఎర్రబడింది గానీ వెంటనే సర్దుకున్నాడు. "వెటకారం తర్వాత. మీ గైడ్ మేడమ్ సాక్ష్యం నేనూ విన్నాను, పైన నాకూ చెప్పింది. ముందు గుమ్మం దగ్గర బాక్సులో వేస్తుంటే చూసిందట. ముందు గుమ్మం దగ్గర బాక్స్ ఉందా డిటెక్టివ్ గారూ?"

రుమాలు ఆయన చేతిలోంచి తీసుకుని మడిచాను.

"పిల్ల మీద జాలితో అబద్ధం ఆడుతోంది. నాలుగింటికి నేనడగబోయే మొదటి ప్రశ్న అదే. సాక్షి అబద్ధం తేలగానే అమ్మాయి మాటా అబద్ధమే అవుతుంది. నేర్పించి చెప్పించిందంటాను. మీరు తెచ్చిన సాక్ష్యమే మీ పిల్లని ముంచుతుంది, చూస్తూ ఉండండి."

"ఒక ఆడపిల్ల చదువు పోతుంటే మీకు ఇంత సంబరమేమిటండీ?" గొంతు పెరిగింది నాకు. "మీకు అంత వయసు కూతురు లేదా?"

"ఉంది," అన్నాడు కల్నల్. ఆ ఒక్క మాటా మామూలు మనిషిలా అన్నాడు. "దొంగతనం చేస్తే దాన్నైనా వదలను."

"చేయకపోతే?"

ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. మూడు దాటింది.

నాకు కాలు నిలవలేదు. గైడ్ జాలితో అబద్ధం ఆడిందే అనుకుందాం. అయినా ఆవిడకు బాక్స్ ఎక్కడుందో తెలియకపోవడమేమిటి? వానాకాలం నుంచీ ప్రతి విద్యార్థికీ తెలుసు, బురదలో దిగి మరీ తెలుసుకున్నారు. అప్పుడు ఆ బోర్డు గుర్తొచ్చింది. గడువు లేదు, జరిమానా లేదు. తిరిగివ్వాల్సిన అవసరమే లేని మనిషికి రిటర్న్ బాక్స్‌తో పనేముంది? తను చదువుకునే రోజుల్లో ఎక్కడ ఉండేదో అక్కడే ఉందనుకుంది.

సరే, చూడలేదు. మరి చూశానని అంత గట్టిగా నా చేతులు పట్టుకుని ఎందుకు చెప్పింది? నిజంగా పిల్లని కాపాడాలనుకునే మనిషి ముందు పిల్లనే అడుగుతుంది కదా, అమ్మా ఎక్కడ వేశావు అని. అడగలేదంటే, కమిటీ దాకా ఈ సాక్ష్యం వెళ్తుందని ఆవిడ అనుకోలేదు.

"రండి," అన్నాను కల్నల్‌తో. "మీకూ పనికొస్తుంది."

ఎందుకొచ్చాడో గానీ, వచ్చాడు.

ఉష్ గారి బల్ల మీద మెరూన్ పీలిక పెట్టాను. ఆయన దాన్ని చూసిన క్షణమే గుర్తుపట్టాడు. కళ్లజోడు వైపు చెయ్యి వెళ్లింది. ఆ చేతిని నేను బల్లకు అదిమిపట్టాను.

"తుడవకండి. జవాబు చెప్పండి. పుస్తకం బాక్సులో పడింది. లోపలి నుంచి లాగడం ఎవరి వల్లా కాదు. తాళంచెవి మీ దగ్గరే ఉంది. అంటే మీరు తీసి ట్రాలీలో వేశారు. ట్రాలీకి, కంప్యూటర్‌కి మధ్య అది మాయమైంది. ఆ ట్రాలీ దగ్గరికి ఎవరు రాగలరు?"

"నేను... మా అటెండరు..."

"ఇంకా?"

"విద్యార్థులు లోపలికి రాకూడదండీ."

"విద్యార్థుల సంగతి అడగలేదు."

తల దించుకున్నాడు. మాటలు నేల మీదికి రాలుతున్నట్టు వచ్చాయి. "అధ్యాపకులు వస్తుంటారండీ. తమకు కావాల్సిన పుస్తకం ట్రాలీలో కనబడితే తీసుకుని, తర్వాత రాసుకో అని వెళ్లిపోతారు. ఎప్పట్నుంచో ఇదే అలవాటు. కాదని నేనెలా అంటాను? వాళ్లు తలుచుకుంటే నా ఉద్యోగం..."

"అంటే పిల్ల తిరిగిచ్చిన సంగతి కంప్యూటర్‌కి ఎక్కదు. తీసుకున్నవాళ్ల పేరూ ఎక్కదు. పుస్తకం మాత్రం పిల్ల నెత్తి మీదే ఉంటుంది. అవునా?"

"అవునండీ."

కల్నల్ ముందుకొచ్చాడు. "ఈ మాట నాకెందుకు చెప్పలేదయ్యా?"

"మీరు అడగలేదండీ. అమ్మాయి దొంగ అని మీరే చెప్పారు."

కల్నల్ చెయ్యి మీసం దాకా వెళ్లి ఆగిపోయింది.

"గురువారం నాలుగింటికి లోపలికి ఎవరొచ్చారు?" అని అడిగాను.

"ఒక్కరేనండీ. రీకాల్ చేసినవారే. వారు పిలిపించుకున్న పుస్తకం వారు తీసుకున్నారు, తప్పేముంది అనుకున్నాను. తర్వాత రాద్దామనుకునేలోపే గొడవైపోయింది. చెప్తానంటే వారే వద్దన్నారు. నేను సర్దుతాను, నువ్వు నోరు విప్పకు అన్నారు. నమ్మానండీ. ఆ అమ్మాయికి చెడు ఎందుకు చేస్తారు?" ఉష్ గారు మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. "ఆ అమ్మాయికి గైడే కదండీ ఆవిడ."

పొద్దున పిచ్చుక కబుర్లలో దొర్లిన ఒక మాట అప్పుడు వచ్చి నా చెంప మీద కొట్టింది.

ఆ థీసిస్‌లో ఒక మిల్లు కార్మికురాలు అంటుందట. "నేను ఇంటి తలుపు తట్టక్కర్లేదమ్మా, నా దగ్గు విని పిల్లలే తీస్తారు." అదే మాట మేడమ్ పుస్తకంలోనూ ఉంది ఆంటీ, ఇద్దరూ ఒకే మనిషిని కలిశారేమోనని భలే సంబరమేసింది, వెంటనే వెళ్లి మేడమ్‌కి ఫోటోలు చూపించాను, అంది పిచ్చుక. కళ్లు మెరుస్తూ చెప్పింది. ఎంత అమాయకురాలు! థీసిస్ ముప్పై ఏళ్ల కిందటిది. అప్పటికి ఈ మేడమ్ పలకాబలపం పట్టుకుని బడికి వెళ్తూ ఉంటుంది. ఆ మిల్లు ఆడవాళ్లను కలిసిందెవరో, వాళ్ల దగ్గును కాగితం మీద పెట్టిందెవరో, ఆ పేరు మింగేసి కుర్చీలెక్కిందెవరో నాకు అర్థమైపోయింది. చచ్చిపోయిన మనిషి కష్టం దోచుకున్నది చాలక, బతికున్న పిల్ల మీద దొంగ అన్న ముద్ర వేస్తోంది. పైగా కూతురులాంటిదట!

"ఆవిడ లాకరు తెరవండి," అన్నాను.

"వారు లేకుండా తెరవకూడదండీ. రూల్..."

"తెరువయ్యా!" అని కల్నల్ అరిచిన అరుపుకి రీడింగ్ హాలంతా తలలు తిప్పింది. ఉష్ గారు ఉష్ అనలేదు. సొరుగులోంచి మారు తాళంచెవి తీశాడు.

ఆయన లాకర్ల వైపు నడుస్తుంటే నేను ఫోన్ తీశాను. పుస్తకాన్ని ఆవిడ ఈపాటికి చింపేసి ఉన్నా ఉండొచ్చు. అప్పుడు మిగిలేవి పిచ్చుక తీసిన ఫోటోలు మాత్రమే. ఫోన్ ఎవరి చేతికీ ఇవ్వకు, ఉన్నపళంగా కిందికి దిగు అని చెప్పాలి. నంబరు కలిపాను. రెండోసారి మోగగానే ఎత్తారు.

"పిచ్చుకా, నా మాట విను..."

"చెప్పండి," అంది అవతలి గొంతు. నెమ్మదైన గొంతు. "పిల్ల పనిలో ఉందండీ, ఫోన్ నా దగ్గర పెట్టింది. కంగారుపడకండి. క్షమాపణ రాసిస్తే కమిటీ వదిలేస్తుంది, నేను మాట్లాడి ఒప్పించాను. పుస్తకానిదేముంది, పిల్ల భవిష్యత్తు ముఖ్యం కదా."

లైన్ తెగిపోయింది. మళ్లీ కలిపాను. స్విచాఫ్.

"ఒప్పుకోలు రాయిస్తోంది," అన్నాను కల్నల్‌తో.

ఆయనకు వివరించనక్కర్లేదు. ఆ కాగితం మీద సంతకం పడితే ఏమవుతుందో ఇందాక నాకు చెప్పింది ఆయనే. "లిఫ్టు పనిచెయ్యదు," అని మెట్ల వైపు పరిగెత్తాడు. వెనకాల నేను. మొదటి అంతస్తులో ఆయన టోపీ పడిపోయింది. ఆగలేదు. రెండో అంతస్తుకి నా ఊపిరి పట్టేసింది. కింద నుంచి ఉష్ గారి కేక వినిపించింది. జీవితంలో ఆయన అరిచిన మొదటి కేక అయ్యుంటుంది. "డిటెక్టివ్ గారూ! లాకర్లో ఉందండీ! మెరూన్ అట్ట! లోపల సగం పేజీలు కోసేశారండీ!"

మూడో అంతస్తు. నడవా చివరి గది. తలుపు లోపల గడియపెట్టి ఉంది. కల్నల్ భుజం ఆనించి ఒక తోపు తోశాడు. కదల్లేదు.

తలుపు అవతల కుర్చీ జరిగిన చప్పుడు, కాగితం సర్దిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత మా పిచ్చుక గొంతు. ఏడ్చి ఏడ్చి పూడుకుపోయినా, ఇంకా నమ్మకం చావని గొంతు.

"మీరు చెప్పారు కాబట్టే పెడుతున్నాను మేడమ్. సంతకం ఇక్కడేనా?"